కంబాలకొండ కేలండరు

విశాఖ ఉక్కు కర్మాగారంలో పాతికేళ్లు షిఫ్టులు చేసిన నాకు రుతువులంటే రాత్రి డ్యూటీకి స్వెట్టరు వేసుకోవాలా వద్దా అన్నంత వరకే. డాక్టరు నడవమన్నాక ఊరి పక్కనున్న కంబాలకొండ అడవికి వెళ్లడం మొదలెట్టాను. చెట్లకీ షిఫ్టులుంటాయని అప్పుడు తెలిసింది. ఫాల్గుణంలో మోదుగ ఆకు రాల్చేసి, బోసికొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. ఎండలు ముదిరితే రేల పసుప్పచ్చటి పూలగెలలు వేలాడదీస్తుంది. వానలు పడ్డాయంటే కొండంతా ఒకటే పచ్చన, ఏ చెట్టేదో పోల్చుకోలేం. అందుకే చెట్లు నేర్చుకోవాలంటే ఎండాకాలమే మంచిది, నా మాట నమ్మండి.

ఈ అడవి 1970 దాకా విజయనగరం రాజులది. తరవాత అటవీ శాఖ చేతికొచ్చింది. 2002లో అభయారణ్యమైంది, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఆటుపోట్ల చిత్తడికి మాత్రం అంత అదృష్టం పట్టలేదు. దాన్ని తవ్వి 1933లో విశాఖ రేవు తెరిచారు. ఆ రేవు లేకపోతే మా ఉక్కూ లేదు, నా జీతమూ లేదు. కాబట్టి ఎక్కువ మాట్లాడను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టింది. మర్నాడు చూస్తే మా వీధిలో నిలబడ్డది ఒక్క వేపే, అదీ ఆకు లేకుండా. కొండలు వైశాఖంలోలా గోధుమరంగు తిరిగాయి. కార్తీకంలో ఆ వేప, చైత్రం వచ్చేసిందనుకుందో ఏమో, ఎర్రగా చిగిర్చింది.

“ఉగాది పచ్చడికి పువ్వు దొరుకుతుందేటండీ?” అంది మా ఆవిడ.

దొరికింది.