ఆపిల్ కొమ్మతో విల్లు చేయబోయి

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

పోయిన చలికాలం హేస్‌లో ఒక ఇంటి వెనకాల పని. పునాదికి అడ్డమని పాత ఆపిల్ చెట్టు కొట్టేశారు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు అన్నీ తోటలే. కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ అనే పేరున్న ఆపిల్ పుట్టింది హీత్రో అవతలి కోల్న్‌బ్రూక్‌లోనే, 1825 ప్రాంతంలో. చెత్తలో పడేసేలోపు ఓనర్‌ని అడిగి, మనిషెత్తు కొమ్మ ఒకటి ఇంటికి తెచ్చుకున్నా. మావాడు విల్లు చేసిపెట్టమన్నాడు. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చేసినోణ్ణి, ఇదెంత పని అనుకున్నా.

కొమ్మని నిలువునా రెండు బద్దలుగా చీల్చి, కొనలకు పెయింట్ పూసి, నెలల తరబడి ఆరబెట్టా. పెయింట్ లేకపోతే కొనల్లోంచి తడి తొందరగా పోయి కర్ర పగులుతుంది. విల్లు లాగినప్పుడు బయటి ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నొక్కుకుంటుంది. అందుకని బెరడు తీశాక బయటివైపు ఉలి పెట్టకూడదు. ఒకే ఏటి పొర ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా ఉండాలి. చెక్కేదంతా లోపలివైపే. కొంచెం వంచి, ఎక్కడ బిర్రుగా ఉందో చూసి, అక్కడ గీకి మళ్ళీ వంచాలి. నేనేమో ముడి దగ్గర నున్నగా రావాలని బయటివైపు చిత్రిక పట్టా. మూడోసారి లాగేసరికి సరిగ్గా అక్కడే విరిగింది.

మరి పాతకాలం వాళ్ళు ఎలా చేశారో చూద్దామని మావాణ్ణి తీసుకుని పోర్ట్స్‌మత్ మ్యూజియానికి పోయా. 1545లో అక్కడి సముద్రంలో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకని 1982లో పైకి తీశారు. అందులో 170కి పైగా విల్లులు దొరికాయి. దాదాపు రెండు మీటర్ల పొడవు. వాటిలో చాలావాటిని పూర్తిగా లాగాలంటే మన సిమెంట్ బస్తా ఎత్తినదానికంటే ఎక్కువ బలం కావాలి. అన్నీ యూ అనే చెట్టు కర్రవే. దాని బయటి తెల్లకర్ర బాగా సాగుతుంది, లోపలి ఎర్రకర్ర నొక్కుడుకి ఆగుతుంది. ఆపిల్‌కి ఆ సుగుణం లేదు. అందుకే దాన్ని ఇంకాస్త వెడల్పుగా, బల్లపరుపుగా చెక్కాలి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ఇంగ్లీషోళ్ళు గొప్పగా చెప్పుకునే ఆ విల్లుకి మంచి కర్ర ఎక్కువగా బయటి దేశాల కొండల నుంచే వచ్చేది. ఇక్కడి యూ చెట్లు వంకర, ముడులు ఎక్కువ. 1472లో చట్టమే చేశారు: బయటి నుంచి సరుకు తెచ్చే ఓడలు టన్నుకి నాలుగు విల్లుబద్దలు తేవాలని. 1484లో మాల్మ్‌సీ వైన్ పీపాకి పది బద్దలన్నారు.

కర్రే కాదు, మనుషులు కూడా. ఆ ఓడలో చనిపోయిన ఎనిమిది మంది పళ్ళని పరీక్షించి, వాళ్ళలో ముగ్గురి దాకా వెచ్చటి దేశాల్లో పెరిగి ఉండొచ్చని 2021లో ఒక అధ్యయనం చెప్పింది. ఇంకొందరి అస్థిపంజరాల్లో, పెద్దయ్యేసరికి అతుక్కోవాల్సిన భుజం ఎముక అతుక్కోనే లేదు. చిన్నప్పటి నుంచి బరువైన విల్లు లాగడం వల్లేనని పండితుల అంచనా. వాళ్ళు ఎవరో మనకి తెలీదు, చేసిన పని మాత్రం ఎముకలో మిగిలింది. అది చూస్తుంటే, మా సైట్లో ఇరవై ఏళ్ళుగా బ్రేకర్ పట్టి ఇప్పుడు చెయ్యి పైకెత్తలేకపోతున్న అన్న గుర్తొచ్చాడు. విల్లుల మీద కూడా చేసినోళ్ళు పెట్టుకున్న చిన్న గుర్తులు కొన్ని ఉన్నాయి. పేర్లు కావు, గీతలూ చుక్కలూ.

ఇంకో బద్ద మా షెడ్డులో ఆరుతోంది. ఈసారి బయటివైపు ముట్టను. అది పూర్తయితే మావాడి పేరు, నా పేరు రెండూ పట్టుకునే చోట తెలుగులో చెక్కుతా. మీ ఊళ్ళో విల్లు చేసే పెద్దలెవరైనా ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఏ కర్రతో, ఎలా చేస్తారో అడిగి మాకు వాయిస్ నోట్ పంపండి.