గంటసేపు లైట్లు ఆపితే ఏమైతది? ఒక ఆటో స్టార్టర్ కథ

ఈ ఎపిసోడ్ మా ఊరి దిక్కు నుంచి రికార్డ్ చేస్తున్నా. జనగామ జిల్లా, లింగాల ఘనపూర్ మండలం. వెనకాల బోరు మోటర్ సౌండ్ వస్తే ఏమనుకోకండి, ఇవాళ్టి కథలో దానికీ ఒక పాత్ర ఉంది.

ముందు నా సిగ్గు కథ ఒకటి చెప్తా. 2012 డిసెంబర్, నేను టెన్త్. డిసెంబర్ 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం కదా, స్కూల్లో ర్యాలీ పెట్టారు. నా చేతిలో ప్లకార్డు: "విద్యుత్ ఆదా చేయండి". గట్టిగా అరుస్తూ పోతున్నాం. చౌరస్తాలో అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, "ఏం ఆదా చేయాలె బిడ్డా, పొద్దుగాల పోయిన కరెంట్ ఇంకా రాకపాయె" అన్నడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట అప్పట్నుంచి తలలోనే ఉంది.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంట్ పరిస్థితి పెద్దవాళ్లను అడగండి. పరిశ్రమలకు పవర్ హాలిడేలు. ఊళ్లలో గంటల కొద్దీ కోత. వ్యవసాయానికి ఏడు గంటలు అనేవాళ్లు, అదీ ముక్కలు ముక్కలుగా, సగం అర్ధరాత్రి. అసలు కరెంటే లేని ఊళ్లో పొదుపు ర్యాలీ తీసిన బ్యాచ్ మాది.

మరి ఇలాంటి ప్రచారాలు ఎప్పుడైనా పనిచేశాయా? లెక్కలు చూద్దాం.

అందరికీ తెలిసింది ఎర్త్ అవర్. 2007 మార్చి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. 2024 మార్చి 23న రాత్రి 8:30 నుంచి 9:30 దాకా మన హైదరాబాద్‌లో కూడా చార్మినార్, గోల్కొండ, హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జ్ లైట్లు ఆపారు. రీల్స్ మస్తు వచ్చినయ్. 2014లో వచ్చిన ఒక స్టడీ 10 దేశాల నుంచి ఎర్త్ అవర్ కొలతలు 274 తీసుకుని చూస్తే, ఆ గంటలో వాడకం సగటున 4 శాతం తగ్గిందని తేలింది. 4 శాతం అంటే బాగానే ఉంది అనిపిస్తది. కానీ ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక్క గంట, ఆ గంటలో 4 శాతం. ఏడాదికి లక్ష యూనిట్లు కాలితే మిగిలింది అర యూనిట్ కూడా కాదు.

ఇంకో ముచ్చట. 2023 మార్చి 30న తెలంగాణ విద్యుత్ డిమాండ్ 15,497 మెగావాట్లకు చేరింది, అప్పటికి రాష్ట్ర చరిత్రలో అదే రికార్డు. టైమెంత? రాత్రి కాదు, పొద్దున 11 గంటలు. యాసంగి పొలాలకు మోటర్లన్నీ ఒకేసారి నడిచే టైమ్. అంటే మన దగ్గర అసలు బరువు పొద్దున, పొలం గట్టు మీద ఉంది. మనం రాత్రి హాల్లో ట్యూబ్‌లైట్ ఆపి ఫొటో పెడుతున్నాం.

"అన్నా, మరి 2020లో తొమ్మిది నిమిషాల కథ ఏంది?" అంటారు మీరు. నిజమే, దాన్ని వదిలేస్తే అన్యాయం. ఏప్రిల్ 5, ఆదివారం, లాక్‌డౌన్, రాత్రి 9 గంటలకు లైట్లు ఆపి దీపాలు పెట్టమని ప్రధాని పిలుపు. అది పొదుపు కోసం కాదు, సంఘీభావం కోసం. కానీ ప్రయోగంగా చూస్తే అంత పెద్దది మళ్లీ జరగలేదు. గ్రిడ్ ఇంజనీర్లు 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గొచ్చని అంచనా వేసుకున్నారు. తగ్గింది 31 వేలకు పైనే! దాదాపు 1,17,300 మెగావాట్ల నుంచి 85,800కి. వాడకం అట్ల ఒక్కసారిగా పడిపోతే ఫ్రీక్వెన్సీ పైకి లేస్తది, కంట్రోల్ తప్పితే దేశమంతా చీకటే. అందుకే ముందే జల విద్యుత్‌ను 25 వేల మెగావాట్లకు పెంచి పెట్టుకుని, జనం లైట్లు ఆపుతుంటే దాన్ని సర్రున 8 వేలకు దించారు. నీళ్ల టర్బైన్లను నిమిషాల్లో దించొచ్చు, బొగ్గు ప్లాంట్లను అట్ల దించలేం. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యనే ఉంది. వాళ్లకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ కొట్టాల్సింది.

మరి ఎంత మిగిలింది? నా ముతక లెక్కలో, దిగి మళ్లీ ఎక్కడానికి ముప్పావు గంట అనుకుంటే సుమారు కోటి యూనిట్లు. ఆ నెలలో దేశం రోజుకు వాడింది 280 కోట్ల యూనిట్ల చుట్టుపక్కల. అర శాతం కూడా లేదు. దేశం మొత్తం ఒక మాట మీద కదిలితే వచ్చింది అది.

ఇప్పుడు దీని పక్కన ఒక బల్బు పెట్టండి. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకు ఐదు గంటల లెక్కన ఏడాదికి 93 యూనిట్లు మిగులుతయ్. అదే పాత బల్బును ఎర్త్ అవర్‌లో ఆపితే 0.06 యూనిట్. మీ ముని ముని మనవలు కూడా 1,500 ఏళ్లు ఎర్త్ అవర్ చేస్తే గానీ ఆ ఒక్క బల్బు లెక్క రాదు. కానీ ఎల్ఈడీ కొనండి అని పోస్టర్లు వేసినన్ని రోజులు ఎవరూ కొనలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ ఒకేసారి కోట్లలో టెండర్లు పిలిస్తే, 2014లో 310 రూపాయలున్న బల్బు 2016కల్లా 38కి దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే పాత బల్బులు తీసుకుని, ఇంటికి రెండు, 10 రూపాయల చొప్పున ఇచ్చారు. దేశమంతా 36 కోట్లకు పైగా పంచారు. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధి దీపాలన్నీ ఎల్ఈడీలు చేసింది కూడా ఆ కాలంలోనే. దీనికి ర్యాలీ అక్కర్లేకపోయింది, రేటు దిగింది, గంతే.

ఇక మోటర్ దగ్గరికి వద్దాం. నాకు అసలు చెప్పాలని ఉన్న కథ ఇదే.

2004 మే 14న వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైల్ మీద సంతకం పెట్టారు, అది అందరికీ గుర్తుంది. ఆ తర్వాత దానికి పెట్టిన కండిషన్లు ఎవరికీ గుర్తులేవు. కెపాసిటర్ పెట్టుకోవాలి, ఫుట్‌వాల్వ్ మార్చాలి, ఐఎస్ఐ మార్కు మోటర్ ఉండాలి, మంచి పైపు వేసుకోవాలి. నాలుగూ ఇంజనీరింగ్ పరంగా కరెక్టే. కెపాసిటర్ రేటు కూడా కొన్ని వందలే. కానీ కరెంట్ ఉచితం, మీటర్ లేదు, బిల్లు లేదు. ఒక్కడు పెట్టుకుంటే వాడికి కనిపించే లాభం లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నోళ్లందరూ పెడితేనే వోల్టేజ్ బాగుపడుతది. పక్కోడు పెట్టకపోతే నేనెందుకు పెట్టాలె? ఊళ్లలో చాలా కెపాసిటర్లు అక్కడే ఆగిపోయాయి.

ఆటో స్టార్టర్ దీనికి ఉల్టా. దాన్ని రైతు ఎవరూ చెప్పకుండానే కొనుక్కున్నడు. చిన్న సర్క్యూట్ డబ్బా. త్రీఫేజ్ రాగానే కొన్ని సెకన్లు ఆగి మోటర్‌ను అదే స్టార్ట్ చేస్తది. ఎందుకు కొన్నడు? కరెంట్ రాత్రి రెండింటికి వస్తది కాబట్టి. మా బాపు టార్చి పట్టుకుని బోరు కాడికి పోయిన రాత్రులు నాకు గుర్తున్నయ్. అమ్మ ఆయన వచ్చేదాకా పడుకునేది కాదు. ఒకసారి స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపల పాము చుట్టుకుని ఉంది. తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినోళ్లు ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఉంటారు. పాము కనిపించిన వారం లోపల మా ఇంటికి ఆటో స్టార్టర్ వచ్చింది.

కానీ నష్టం కూడా నిజమే. కరెంట్ రాగానే లైన్ మీద మోటర్లన్నీ ఒక్క దెబ్బకు స్టార్ట్ అయితయ్. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటర్ మామూలు కంటే ఐదారు రెట్ల కరెంట్ లాగుతది. ట్రాన్స్‌ఫార్మర్ ఠప్. తర్వాత తలా కొంత చందా వేసుకుని, దాన్ని ట్రాక్టర్ మీద వేసుకుని రిపేర్‌కి. ఈలోపు పంట ఎండుడు.

2017లో తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయానికి 24 గంటల కరెంట్‌కు రెడీ అయింది. నవంబర్‌లో రాష్ట్రమంతా ట్రయల్, 2018 జనవరి 1 నుంచి పూర్తిగా, సుమారు 23 లక్షల పంపుసెట్లకు. దాంతో కొత్త భయం: ఆటో స్టార్టర్ ఉంటే మోటర్ రాత్రింబవళ్లు నడిచి భూగర్భ జలం ఖాళీ. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆటో స్టార్టర్లు తీసేయండని కోరారు, కరెంటోళ్లు ఊరూరా మీటింగులు పెట్టారు. కొన్ని ఊళ్లైతే మాకు అంత కరెంట్ వద్దు, నీళ్లు అయిపోతున్నయ్ అని వాళ్లే అడిగారు.

మా దగ్గర కొందరు తీశారు, కొందరు తీయలేదు. తీయనోళ్లు ఎవరా అని చూస్తే నాకు ఒకటి అర్థమైంది. పొదుపు గురించి తెలియక కాదు. రేపు పొద్దున కూడా కరెంట్ ఉంటదా అనే దాని మీద నమ్మకం లేక. నమ్మినోడికి మీటింగ్ అక్కర్లేదు, వాడే స్క్రూ విప్పిండు. నమ్మనోడికి ఎన్ని ప్లకార్డులు చూపెట్టినా విప్పడు, నేను ఆయన జాగాలో ఉన్నా విప్పను.

జపాన్‌లో 2011 భూకంపం తర్వాత ఎండాకాలం ఇదే చూస్తాం. టోక్యో ప్రాంతంలో పీక్ డిమాండ్ దాదాపు 60 వేల మెగావాట్ల నుంచి 49 వేలకు దిగింది. పెద్ద కంపెనీలకు 15 శాతం కోత చట్టంతో వచ్చింది, కానీ ఇళ్లకు ఉత్త విన్నపమే. ఫుకుషిమా కళ్ల ముందే ఉంది, కోత ఎందుకో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పైగా 2005 నుంచే వాళ్ల ఆఫీసుల్లో టై, కోటు తీసేసి ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టే అలవాటు నడుస్తోంది. అది కూడా ఒక సింబాలిక్ ప్రచారమే. కాకపోతే టై తీసినోడికి చెమట తగ్గింది.

నిన్న బాపుని అడిగా, మన ఆటో స్టార్టర్ ఏం చేసినవ్ అని. 2018లోనే తీసేసిండు. ఎక్కడ పారేసినవ్ అంటే, సజ్జ మీదికి చూపెట్టిండు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, దారంతో కట్టి, వైర్లతో సహా పదిలంగా ఉంది. ఇంకా ఎందుకు బాపూ అన్నా.

"ఉండనీయ్ తీ," అన్నడు. "అదేమన్నా అన్నమడుగుతాంది?"