సిద్దిపేట త్రోవలలో పాత జీపు

శతాబ్ది సంచికకు వ్రాయువారిలో పెక్కుమంది దేవాలయములను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి వ్రాయుదురు. మేము వాటి నడుమనున్న త్రోవలను గూర్చి, ఆ త్రోవలలో తిరిగిన ఒక వాహనమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. దోర్నకలు బిషపు అజరయ్యగారు ఎడ్లబండి మీద పల్లెలు తిరిగిన సంగతి మన సంఘములలో పిల్లలకు కూడ తెలియును. ఆ ఎడ్లబండికిని నేటి తారురోడ్డుకును నడుమ గడచిన కాలము జీపుది.

2016 వరకు మెదక్ జిల్లాలో భాగమైయుండిన సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో గాని రాలేదు. నేడు రాజీవ్ రహదారి మీద హాయిగా వచ్చి దిగువారికి, ఆనాడు వానకాలములో దుబ్బాక వైపో హుస్నాబాదు వైపో లోపలి పల్లెలకు పోవుట ఎట్టిదో చెప్పినను నమ్మరు. నల్లరేగడిలో చక్రము దిగబడెనా, ఇక ఎద్దులను పిలువవలసినదే. వాగు దగ్గర ఇసుక. కారు అక్కడ ఆగును. బస్సు అక్కడి దాకా రానే రాదు. ముందు చక్రములకు కూడ ఇంజను బలము నందించు జీపు మాత్రము రొప్పుచు, రోజుచు అవతలి గట్టు ఎక్కును.

ఇందులో ఒక విశేషమున్నది. మన పల్లెలలో జీపును కొత్తగా కొన్న ఇండ్లు బహు అరుదు. అది ఒకరు వాడి విడిచిన తరువాతనే మనకు చేరినది. దాని చరిత్ర యంతయు చేతులు మారిన చరిత్ర.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో అమెరికా సైన్యము కోరగా బాంటమ్ అను చిన్న కంపెనీ 1940 సెప్టెంబరులో మొదటి నమూనాను తయారుచేసి యిచ్చినది. యుద్ధము ముగియునాటికి విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేసినవి. సైన్యములు వెళ్లిపోవుచు మన దేశములో మిగిల్చిన సామగ్రి అమ్మకమునకు వచ్చినది. డిస్పోజల్స్ అను మాట పెద్దల నోట వినినవారికి ఆ సంగతి జ్ఞాపకముండును. 1945లో స్థాపింపబడిన మహీంద్రా కంపెనీ ఆ దశకము చివరనే విల్లీస్ జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో బిగింపసాగినది. తరువాతి సి.జె.3బి అను రకములో ఇంజను పొడవు గనుక బానెట్టు కూడ ఎత్తుగా నుండును; దూరము నుండియే పోల్చవచ్చును. ఆ రకము అమెరికాలో 1968లో ఆగిపోయినను ఇక్కడ దశాబ్దముల పాటు సాగినది. విడిభాగములు నేటికిని దొరకుటకు కారణమదియే.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట బ్లాకులు ఏర్పడి, బి.డి.ఓ. గారి జీపు ఊళ్లలోనికి వచ్చినది. జీపు వచ్చినదనగా సర్కారు వచ్చినదని జనుల లెక్క. పిల్లలు దుమ్ములో దాని వెంట పరుగెత్తెడివారు. ఆ జీపులే అరిగిపోయి, కచేరీ వెనుక చెట్టు క్రింద రెండు మూడు వానలు తడిసి, వేలముపాటకు వచ్చెడివి. సైన్యము వారి వేలములలో జోంగా అను పెద్ద బండియు దొరకెడిది. జబల్పూరు కర్మాగారములో చేయబడిన ఆ బండికి ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. కొనుట సులువు, త్రాగించుట కష్టము!

(పాత బండిని బాగుచేయించి కొత్త పనికి పెట్టుటలో తెలుగువారందరు ఎరిగిన ఉదాహరణ 1982 నాటి చైతన్యరథము. నందమూరి తారక రామారావుగారు ఊరూరు తిరిగిన ఆ రథము పాత షెవర్లే వ్యానే గదా.)

పాత జీపు బేరములకు మేమును పలుమారులు పోయితిమి. కొనవచ్చినవాడు మొదట చూచునది రంగు. చూడవలసినది చాసిస్. ఇంజను చెడిన మార్చవచ్చును, తలుపులు, టాపు కుట్టించవచ్చును. చాసిస్ పట్టీ పగిలి వెల్డింగు మీద వెల్డింగు పడియున్నచో ఆ బండి నిలువదు. నంబరు ఉన్నచోట గ్రీజు తుడిచి, కాగితము పెట్టి, పెన్సిలుతో రుద్దవలెను. కాగితము మీద తేలిన అంకెలు ఆర్.సి. పుస్తకములోని అంకెలతో కలియవలెను. ఒకచోట మిలమిలలాడు జీపును చూపిరి, చాయ త్రాగించిరి, మంచి మాటలాడిరి. పెన్సిలు పెట్టి రుద్దగా అంకెలు ఒక వరుసలో లేవు. మేము చాయ మెచ్చుకొని లేచి వచ్చితిమి.

ఇంజను చల్లగా నుండగా స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి యుంచిన అనుమానపడవలెను. ఆయిలు మూత తీసినప్పుడు గుప్పు గుప్పున పొగ తన్నిన పిస్టను రింగులు అరిగినవని తెలియును. పొగ నీలముగా వచ్చిన ఆయిలు కాలుచున్నది. స్టీరింగు ఎంత త్రిప్పినను చక్రము కదలకున్నచో, ముందు చక్రమును జాకీ మీద ఎత్తి పైన క్రింద పట్టి ఊపి చూడవలెను. కడకడలాడిన బేరింగులో, కింగ్‌పిన్నులో పోయినట్లు. ఫోర్‌వీలు లివరు వేసి మెత్తని నేల మీద నడుపవలెను. ఏండ్ల తరబడి వాడనివారి జీపులో ఆ లివరు తుప్పుపట్టి కదలనే కదలదు, అప్పుడది జీపు ఆకారమున్న బండి మాత్రమే. ముందద్దము చదునైనది గనుక ఏ అద్దాల దుకాణములోనైనను కోయించుకొనవచ్చును. ఇట్టి సదుపాయము నేటి కార్లకు లేదు.

ఇక అసలు చిక్కు. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట పెట్రోలు జీపు నడుపుట సామాన్యునికి భారమైనది. మన మేస్త్రీలు దానికొక ఉపాయము కనిపెట్టిరి: పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించిరి, కొందరు ట్రాక్టరు ఇంజనే ఎక్కించిరి. బరువు పెరిగి కమాను పట్టీలు కుంగెడివి, అదురుకు గేరుబాక్సు బోల్టులు ఊడెడివి. అయినను వేలములో తుక్కు ధరకు వచ్చిన జీపు మరి ఇరువది ఏండ్లు బ్రతికినది. ఆ మేస్త్రీల నేర్పు లేనిదే మన పల్లెలలో జీపు 1980 దాటి యుండెడిది కాదని మా అభిప్రాయము.

అయితే 1988 మోటారు వాహనాల చట్టములోని 52వ సెక్షను, కంపెనీ మొదట ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని చెప్పుచున్నది. ఇంజను మార్పిడి ఆర్.సి.లో ఎక్కని జీపులు ఎన్నో ఉన్నవి. సొంత బండికి పదునైదేండ్లు దాటిన తరువాత అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. ఆ రుసుము కార్లకు, జీపులకు 600 రూపాయల నుండి 2022 ఏప్రిల్‌లో 5,000 అయినది, ఇరువది ఏండ్లు దాటిన వాటికి 2025లో 10,000 అయినది. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు దాటిన సర్కారు బండ్లు రిజిస్ట్రేషను కోల్పోయి తుక్కు కేంద్రములకు పోవలసినదే. కచేరీ వెనుక చెట్టు క్రింద నుండి పల్లెకు వచ్చిన దారి అట్లు మూతపడినది. ఇక మీదట మన ప్రాంతములో తిరుగబోవు పాత జీపులు చాలవరకు ఇప్పుడున్నవే.

ఏబది ఏండ్లు దాటిన వాటికి 2021లో ప్రత్యేక నియమములు వచ్చినవి. 20,000 రూపాయలు కట్టిన వి.ఎ. అను అక్షరములు గల నంబరు ఇత్తురు, పదేండ్లు చెల్లును. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకొనిపోవచ్చును, నిత్యము రోడ్డు మీద తిప్పరాదు. చాసిసు, బాడీ, ఇంజను మార్పు చెందియుండరాదు. మేమెరిగిన ఒక కుటుంబము వారి జీపు 1960 దశకము నాటిది, తాతగారు వేలములో పాడినది. దానిలో నున్నది డీజిలు ఇంజను. పాత పెట్రోలు ఇంజను వెదకి తెచ్చి బిగించిన అది ప్రదర్శనకు అర్హమగునేమో గాని పొలమునకు పోదు. ఉన్నది ఉన్నట్లుంచిన పొలమునకు పోవును గాని కాగితము నిలువదు. గత వానకాలము నుండి అన్నదమ్ములు ముగ్గురు ఈ మాట మీదనే యున్నారు. జీపు మాత్రము ప్రతి ఆదివారము ఒకమారు స్టార్టగుచున్నది.