మూంగ్: తెలియని భాష మీద మనసు పడ్డవాళ్ళు

2000 మే నెలలో బ్రిటన్‌లో 'మూంగ్' అనే రాక్ ఆల్బమ్ ఒకటి వెలువడింది. మూంగ్ అంటే వెల్ష్ భాషలో జూలు. పాటలన్నీ వెల్ష్‌లోనే ఉన్నాయి. పాడిన బృందం పేరు సూపర్ ఫర్రీ ఏనిమల్స్. అప్పటిదాకా వాళ్ళ రికార్డులు వేసిన క్రియేషన్ సంస్థ మూతపడడంతో, సుమారు ఆరువేల పౌండ్ల ఖర్చుతో తయారైన ఈ ఆల్బమ్‌ను ప్లాసిడ్ కాజువల్ అనే సొంత లేబుల్ మీద విడుదల చేసుకున్నారు. అది బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 11వ స్థానానికి ఎక్కింది. వెస్ట్‌మిన్‌స్టర్ పార్లమెంటులో ప్లైడ్ కమ్రి పార్టీ సభ్యుడు ఎల్విన్ లూయిడ్ దాన్ని అభినందిస్తూ ఒక ప్రతిపాదన ప్రవేశపెట్టాడు. రాక్ ఆల్బమ్‌కు చట్టసభలో అభినందన దొరకడమే అరుదు. ఆ సభ నడిచే భాషలో లేని ఆల్బమ్‌కు దొరకడం మరీ అరుదు.

ఇంతవరకూ ఇది బ్రిటన్ సంగతి. 2001 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలిగినవారు సుమారు 5,82,000 మంది, అంటే అయిదుగురిలో ఒకరు. సొంత భాషలో వచ్చిన పాటలు కొనుక్కోవడానికి వాళ్ళకు వేరే కారణం అక్కర్లేదు. కాని అదే సంవత్సరం ఫ్లైడాడీ అనే చిన్న సంస్థ ఈ ఆల్బమ్‌ను అమెరికాలోనూ విడుదల చేసింది. అంతటితో ఆగక, మరో అయిదు వెల్ష్ పాటలతో ఇంకొక డిస్కు జతచేసింది. డబ్బు చూసి ఖర్చుపెట్టే చిన్న వ్యాపారి ఇలా కొసరు వేశాడంటే, ఆ కొసరు కోరుకునేవాళ్ళు అక్కడ ఉన్నారనే అర్థం. వాళ్ళలో అత్యధికులకు వెల్ష్ ఒక్క ముక్క రాదు. మరి ఆ పాటలు వాళ్ళకేం కావాలి?

ముందు ఆ బృందం గురించి కొంత చెప్పాలి. 1993లో కార్డిఫ్ నగరంలో అయిదుగురు కలిసి మొదలుపెట్టారు. గాయకుడు గ్రిఫ్ రీస్ పెరిగింది ఉత్తర వేల్స్‌లో, పలకరాతి గనుల ఊరైన బెథెస్డాలో. వాళ్ళ మొదటి రికార్డు 1995లో వచ్చింది. ఆంగ్లసీ ద్వీపంలో యాభై ఎనిమిది అక్షరాల పేరున్న ఊరొకటి ఉంది. పర్యాటకులను ఆకర్షించడానికి పందొమ్మిదో శతాబ్దంలో సాగదీసిన పేరది. వీళ్ళు ఆ పేరంతా తీసుకుని, చివర 'అంతరిక్షంలో' అన్న మాట తగిలించి తమ రికార్డుకు పెట్టుకున్నారు. తరువాత ఒక యుద్ధట్యాంకు కొని, నీలంరంగు వేయించి, తుపాకీ ఉండవలసిన చోట లౌడ్‌స్పీకర్లు బిగించి సంగీతోత్సవాలకు తోలుకువెళ్ళారు. చివరికి దాన్ని అమెరికన్ బృందం ఈగల్స్‌కు చెందిన డాన్ హెన్లీ కొనుక్కున్నాడని వాళ్ళే చెప్పారు. 2001 నాటి ఆల్బమ్‌లో ఒక పాటకు పాల్ మెకార్ట్‌నీ చేత వాద్యం వాయించలేదు. కేరట్టూ సెలెరీ కాడలూ నమిలించి ఆ కరకరల చప్పుడును తాళంగా వాడుకున్నారు. స్టీలీ డాన్ అనే అమెరికన్ బృందం పాటలోంచి ఒకే ఒక్క వాక్యం తీసుకుని, పదే పదే తిప్పుతూ 1996లో మరొక పాట కట్టారు. దాని పేరు ఇక్కడ రాయదగినది కాదు.

ఈ చేష్టలను చూసి వీళ్ళను విదూషకులుగా జమకట్టడం తేలిక. విమర్శకుల్లో కొందరు ఆ పనే చేశారనిపిస్తుంది. పాటలు వింటే లోపల వేరే సంగతి వినిపిస్తుంది: బీచ్ బాయ్స్ తరహాలో పేర్చిన గొంతులు, జానపద గీతంలా మొదలై యంత్రాల హోరులో ముగిసే నిర్మాణాలు. నవ్వు పైపూత మాత్రమే.

వేల్స్ నుంచి వచ్చిన విచిత్ర బృందం ఇదొక్కటే కాదు. కార్మార్థెన్ నుంచి 1991లో బయలుదేరిన గోర్కీస్ జైగోటిక్ మంకీ ఇంతకంటే విడ్డూరమైనది. ఒకే పాటలో వెల్ష్‌కూ ఇంగ్లీషుకూ మధ్య గంతులు వేసేది. వాళ్ళ ఎనిమిది సింగిల్స్ బ్రిటన్ పట్టికలో మొదటి 75లోకి వచ్చాయి, ఒక్కటీ మొదటి 40లోకి చేరలేదు. అదొక రికార్డు. అభిమానులు దీన్ని బాధగానూ చెప్పుకుంటారు, గర్వంగానూ చెప్పుకుంటారు. మాస్టర్ వేణుకు రావలసినంత పేరు రాలేదని వాదించే మన పాతపాటల అభిమానులను గుర్తు చేసుకోండి. ఆ వాదనలో ఫిర్యాదు ఎంత ఉందో, 'మాకు మాత్రం తెలుసు' అనే ముచ్చట అంత ఉంటుంది. రేపు లోకమంతా ఒప్పుకుంటే వాళ్ళకు కొంచెం వెలితిగా ఉంటుందని నా అనుమానం.

సూపర్ ఫర్రీ ఏనిమల్స్‌కు అమెరికాలో పెద్ద హిట్ అంటూ ఏదీ లేదు. రికార్డులు ఒక సంస్థ నుంచి ఇంకొక సంస్థకు చేతులు మారుతూ వచ్చాయి. ఇటువంటి సంగీతం అక్కడ చేరేది విశ్వవిద్యాలయాల విద్యార్థులు నడిపే రేడియోల ద్వారా, దిగుమతి డిస్కులు పెట్టే చిన్న దుకాణాల ద్వారా. అలా చేరిన శ్రోతకు మొదటి చిక్కు ఆల్బమ్ పేరే. ఇంగ్లీషు అలవాటైన కంటికి ఆ నాలుగక్షరాల మాటలో అచ్చు ఒక్కటీ కనబడదు. వెల్ష్‌లో 'డబ్ల్యూ' అచ్చు అని ఎవరో చెప్పాలి. మన లిపిలో మాత్రం మూంగ్ అని రాసేస్తే పేచీ లేదు.

భాష విషయంలో ఈ బృందానికి సొంత ఇంట్లోనే తగవుంది. వెల్ష్ పాటలతో మొదలైనవాళ్ళు 1990ల నడుమ ఇంగ్లీషులో పాడడం ప్రారంభించగానే వెల్ష్ అభిమానుల్లో కొందరు ద్రోహమన్నారు. మూంగ్‌లోని ఒక పాట పేరుకు 'అంచుల్లో సభ్యత్వం తీసుకోవడం' అని అర్థం. అలా వెలివేయబడినప్పటి మాటే అది. రెండోవైపు చూస్తే, క్రియేషన్ అధినేత అలన్ మగీ లండన్‌లో వాళ్ళ కచేరీ విని, బాగుంది గానీ ఇంగ్లీషులో పాడితే ఇంకా బాగుంటుందన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ సాయంత్రం వాళ్ళు పాడినవన్నీ ఇంగ్లీషు పాటలేనట. అమెరికాలో ఫోన్ మీద ఉద్యోగపు ఇంటర్వ్యూ ఇచ్చిన తెలుగువాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అమెరికన్ అభిమానికి ఈ తగవు లేదు. వాళ్ళు ఇంగ్లీషులో పాడినా ద్రోహం కాదు, వెల్ష్‌లో పాడినా కర్తవ్యం కాదు. పాట వినిపిస్తుంది, అర్థం వినిపించదు. ఆ ప్రేమ పైపైదని, పరభాషా వ్యామోహమని కొట్టిపారేయవచ్చు. నేను అలా అనుకోను. ఎందుకో చెప్పాలంటే, అమెరికాలో వెల్ష్ భాష మీద పుట్టిన ఇంకొక ప్రేమతో దీన్ని పోల్చి చూడాలి. అది రెండు శతాబ్దాల కిందటిది.

మాడోగ్ అనే వెల్ష్ రాకుమారుడు 1170 ప్రాంతంలో అట్లాంటిక్ దాటి అమెరికా చేరాడని ఒక ఐతిహ్యం. అతని సంతతి అక్కడి ఆదివాసుల్లో కలిసిపోయి ఇంకా వెల్ష్ మాట్లాడుతూనే ఉందని పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది గట్టిగా నమ్మారు. దాన్ని ఎగదోసినవాళ్ళలో ముఖ్యుడు యోలో మోర్గానుగ్. రాతిపనివాడు, కవి, పండితుడు, అన్నిటినీ మించి దొంగప్రతులు సృష్టించడంలో సిద్ధహస్తుడు. ప్రాచీనమని చెప్పి 1792లో లండన్ ప్రిమ్‌రోజ్ కొండ మీద అతను జరిపించిన కవిసభ అతని సొంత కల్పన. అదే ఇవాళ వేల్స్ జాతీయ సాహిత్యోత్సవంలో ప్రధాన ఘట్టం. మాడోగ్ సంతతిని వెతకడానికి తానే వెళతానని బయలుదేరి, యోలో చివరికి వెనక్కు తగ్గాడు. వెళ్ళినవాడు జాన్ ఎవాన్స్, వైన్‌వౌర్ అనే పల్లెకు చెందిన ఇరవైరెండేళ్ళ కుర్రవాడు.

1792లో బాల్టిమోర్‌లో దిగిన ఎవాన్స్ మరుసటి సంవత్సరం పడమటికి నడిచాడు. మిసోరీ లోయ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. సెయింట్ లూయిస్‌లో అతన్ని బ్రిటిష్ గూఢచారిగా అనుమానించి జైల్లో పెట్టారు. బయటపడ్డాక స్పెయిన్ తరఫున జేమ్స్ మకై నడిపిన యాత్రలో చేరి, నదికి ఎదురు ప్రయాణం చేసి 1796 సెప్టెంబరులో మాండన్ల ఊళ్ళకు చేరాడు. ఇవాళ్టి నార్త్ డకోటా ప్రాంతమది. వెల్ష్ మాట్లాడే ఆదివాసులు వీళ్ళేనని చాలామంది ఊహ. ఎవాన్స్ అక్కడే చలికాలం గడిపాడు. 1797లో తిరిగివచ్చి, వెల్ష్ మాట్లాడే ఆదివాసులంటూ ఎవరూ లేరని ఫిలడెల్ఫియాకు ఉత్తరం రాశాడు. 1799లో న్యూ ఆర్లియన్స్‌లో చనిపోయాడు. అతని యాత్రలో తయారైన పటం జెఫర్సన్ చేతికి వచ్చింది. 1804లో ఆయన దాన్ని లూయిస్‌కు పంపాడు. లూయిస్, క్లార్క్‌లు దాన్ని పట్టుకుని పశ్చిమానికి సాగారు. భాషను వెతుక్కుంటూ గీసిన గీతలు దేశాక్రమణకు దారి చూపాయి.

మాడోగ్ కథను నమ్మినవాళ్ళ వెల్ష్ ప్రేమ బూటకం కాదు. ఎవాన్స్ దానికోసం ప్రాణమే పెట్టాడు. కాని వాళ్ళు మాండన్ల నోట వినగోరింది తమ భాషనే. ఎదుటివాడి మాటలో మన మాట దొరుకుతుందా అని చెవి ఒగ్గడం అది. సుమేరు పలకల్లో తెలుగు మాటలు ఏరే ఉత్సాహం మనలోనూ ఉంది కనుక యోలోను చూసి మరీ ఎక్కువగా నవ్వడానికి లేదు. మూంగ్ కొన్న అమెరికన్ శ్రోత చేసింది దీనికి సరిగ్గా తిరగబడ్డ పని. తన మాట అందులో ఒక్కటీ లేదని తెలిసే విన్నాడు.

ఎవాన్స్ గ్రిఫ్ రీస్‌కు దూరపు బంధువు. 2012లో రీస్ మూడడుగుల గుడ్డబొమ్మగా ఎవాన్స్‌ను చేయించుకుని, అతను తిరిగిన దారిలోనే అమెరికాలో ఊరూరా కచేరీలు చేస్తూ వెళ్ళాడు. ఆ ప్రయాణం నుంచి 2014లో 'అమెరికన్ ఇంటీరియర్' పేరుతో ఆల్బమ్, పుస్తకం, సినిమా, ఫోన్ యాప్ కూడా వచ్చాయి. ఒక బొమ్మను పక్కన పెట్టుకుని, చరిత్ర చెబుతూ, మధ్యమధ్య పాటలు పాడడం. మనకు హరికథ కొత్త కాదు కనుక ఈ పద్ధతి వింతగా తోచదు. ఆ పుస్తకం చదివాకే నాకు ఈ బృందపు విడ్డూరం వెనక ఉన్న చరిత్ర అర్థమైంది: యోలో లాంటి కల్పనాశిల్పులు తీర్చిన జాతిలో పుట్టినవాడికి నిజానికీ వేషానికీ మధ్య గీత ఎప్పుడూ పలచనే.

అమెరికాలోని వెల్ష్ సంతతి కథ వేరు. 1851లో న్యూయార్క్‌లో 'దర్పణం' అని అర్థమొచ్చే పేరుతో మొదలైన వాళ్ళ వెల్ష్ పత్రిక ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీషుకు మారిపోయింది. 1929లో నయాగరా జలపాతం వద్ద మొదలైన సామూహిక కీర్తనోత్సవం మాత్రం ఏటేటా సాగుతూ వచ్చింది. అక్కడ పాడేవాళ్ళలో చాలామందికి భాష పోయింది, ఉచ్చారణ మిగిలింది. రోమన్ లిపిలో రాసుకున్న కాగితం చూసి అన్నమయ్య సంకీర్తన పాడే మన పిల్లల స్థితే అది.

ఉచ్చారణ మిగలడం చిన్న విషయమా? ఎవాన్స్ కంటే మూడేళ్ళు ముందు, 1767లో పుట్టిన త్యాగరాజు జీవితమంతా తమిళదేశంలో తెలుగు కృతులు కట్టాడు. వాటిని ఇన్నాళ్ళూ గొంతులో నిలుపుకున్నవారిలో తెలుగు రానివారే ఎక్కువ. 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనకు వెళ్ళినవారికి ఈ దృశ్యం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పదాలు విరిచే చోట పొరపాట్లు దొర్లుతాయని మనం సణుగుతాం. ఆ సణుగుడు న్యాయమే. అయినా అర్థం తెలిసిన మనం ఎన్ని కృతులను గొంతులో పెట్టుకున్నామో లెక్క చూసుకుంటే సణుగుడు కొంత తగ్గుతుంది.

ఎవాన్స్ వెల్ష్ వినబడుతుందేమోనని వెతికిన మాండన్ భాషను అనర్గళంగా మాట్లాడగలిగిన చివరి వ్యక్తి ఎడ్విన్ బెన్సన్ 2016 డిసెంబరులో నార్త్ డకోటాలో మరణించాడు. ఆయన గొంతు రికార్డు చేసి ఉంది. ఇప్పుడు ఆ భాష నేర్చుకునే పిల్లలు ముందు ఆ గొంతు వింటారు, అర్థం తరువాత అడుగుతారు.