కొండకో ఇల్లు

టస్కనీకి వచ్చిన కొత్తలో నాకు అంతుపట్టనివి ఇక్కడి ఇళ్లు. సియెనాలో బస్సెక్కి ఏ వైపు వెళ్లినా గుట్ట వెనక గుట్ట, గుట్ట నెత్తిన ఒకే ఒక్క రాతి ఇల్లు, దాని వాకిలి దాకా సైప్రస్ చెట్ల వరస. ఆ ఇంటికి పక్కిల్లు లేదు, వీధి లేదు, గుడి లేదు. తమిళనాడులో రాజపాళయం దగ్గరి మన మంసాపురంలో గోడకు గోడ ఆనించి కట్టుకుంటాం. పొలం ఎంత దూరమున్నా పొద్దున్నే నడిచి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు ఊళ్లోకి వచ్చేస్తాం. రాత్రి తోటలో పడుకునేది మామిడి కాపు మీదున్నప్పుడు కాపలా కాసేవాళ్లే. మరి పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో కొండ మీద ఒంటిగా కాపురం చేసిన ఈ రైతులెవరు? ఊరు కాదని అక్కడెందుకు కట్టుకున్నారు?

మా కింది వాటాలో ఉండే పెద్దావిడ అలాంటి ఇంట్లోనే పుట్టింది. నా ప్రశ్న ఆమెకు వింతగా తోచింది. ఆ ఇల్లు వాళ్లు కట్టుకున్నది కాదట. ఇల్లూ పొలమూ సియెనా నగరంలో ఉండే ఆసామివి. పొలం ఎక్కడుంటే పొలం చేసేవాళ్లు అక్కడ ఉండాలి. పొద్దుపోయాక ఊరికి నడిచి వెళ్లే కాలం కూడా పనిలోనే పడాలని ఆసామి లెక్క.

ఆ సేద్యాన్ని ఇక్కడ మెజ్జాద్రియా అంటారు. మన వారానికి సేద్యమే. భూమి ఒకరిది, రెక్కల కష్టం ఇంకొకరిది, కళ్లంలో రాశి పోసి చెరిసగం. మా తాత కూడా నాలుగెకరాలు వారానికి చేసినవాడే కాబట్టి పెద్దావిడ చెబుతుంటే సగం మాటలు నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. కళ్లం దగ్గర మంచం వేసుకుని కుంచాలు లెక్కపెట్టే ఆసామి మనిషి ఇక్కడా ఉన్నాడు. ఆయన్ని ఫత్తోరె అంటారు. పదో ఇరవయ్యో పొలాలకు ఒక ఫత్తోరె. పద్దులన్నీ ఆయన రాసే పుస్తకంలోకి ఎక్కుతాయి. పంట పోయిన ఏడాది ఆసామి దగ్గర తెచ్చుకున్న గింజలు అప్పుగా అందులోనే పడతాయి. చదువురాని రైతుకు ఆ పుస్తకంలో ఏముందో ఫత్తోరె చదివి చెబితేనే తెలిసేది. పొంగలికి మనవాళ్లు గుమ్మడికాయ, చెరకు గడలు, అరటి గెల మోసుకెళ్లి ఆసామి గుమ్మంలో దించినట్టే, వీళ్లు ఈస్టర్‌కు గుడ్లు, కార్నివాల్‌కు కోళ్లు ఇచ్చుకోవాలి. అవి వాటాలోకి రావు, అదనంగా ఇచ్చేవి. ఆసామి ఇంటి బట్టలు ఉతకడం కొన్నిచోట్ల ఆ ఇంటి ఆడవాళ్ల వంతు.

ఇంతవరకూ రెండూ ఒకటే. ఆ తరవాత తేడా పడుతుంది, నాకు నిద్ర పట్టనివ్వనిదీ ఆ తేడానే. మా తాతను వారం నుంచి తప్పించిన ఏడు పొలం పోయింది గాని, రాత్రి పడుకోవడానికి ఊళ్లో సొంత పాక ఉంది. చుట్టూ అన్నదమ్ముల ఇళ్లున్నాయి. టస్కనీ రైతుకు నోటీసు వస్తే పొలంతోపాటు కప్పు కూడా పోయేది. ఇంటిల్లిపాదీ మంచాలూ పాత్రలూ బండికెత్తుకుని ఇంకో కొండ వెతుక్కోవాలి. కుటుంబం ఎంత పెద్దదుండాలో కూడా పొలమే తేల్చేది. చేతులు తక్కువైతే చిన్న పొలానికి పంపేస్తారు. నోళ్లు ఎక్కువైనా ముప్పే. అందుకే ఇంట్లో పెళ్లి చేయాలంటే ఆసామి ఒప్పుకోవాలి. మేనరికమా, బయటి సంబంధమా అని మన ఇళ్లలో ఎన్ని పంచాయితీలు జరిగినా, పిల్ల పెళ్లికి పొలం ఆసామి దగ్గర సెలవు తీసుకోవడం మా తాత ఎరగడు. ఇంట్లో పెత్తనమంతా కపోచ్చా అనే ఇంటిపెద్దది. కోళ్లూ పొయ్యీ నూలూ మాత్రం మస్సాయా అనే ఇల్లాలి చేతిలో. గుడ్లు అమ్మిన చిల్లర ఒక్కటే ఆమె అడగకుండా ఖర్చుపెట్టుకోగలిగిన డబ్బు. ఆ గుడ్లలోంచే ఈస్టర్ గుడ్లు పోవాలి.

సియెనా చూడడానికి వచ్చినవాళ్లు ముందు కాంపో అనే విసనకర్ర ఆకారపు మైదానంలో కూర్చుంటారు. ఎదురుగా ఉన్న పాలాత్సో పుబ్లికో అనే నగర భవనంలో మేడ మీద ఒక గది ఉంది. 1287 నుంచి 1355 దాకా సియెనాను ఏలిన తొమ్మండుగురు అక్కడ కూర్చునేవాళ్లు. రెండు నెలలకొకసారి తొమ్మండుగురూ మారిపోవాలి. ఆ రెండు నెలలూ ఆ భవనంలోనే బస. వాళ్లు రాజులు కాదు, వర్తకులు, వడ్డీ వ్యాపారులు. ఏలిక బాగుంటే ఏమవుతుందో, చెడితే ఏమవుతుందో గోడల మీద గీయమని 1338లో అంబ్రోజో లోరెంజెత్తికి పురమాయించారు. మరుసటి ఏడాదికి పూర్తి చేశాడు. ఇటలీలో నేను చూసిన బొమ్మలన్నిటిలోకీ నాకు ఇదే గొప్పది.

మంచి ఏలిక గోడ మీద సగం నగరం, సగం పల్లె, మధ్యలో కోటగోడ. నగరంలో చెప్పులు కుట్టేవాడి అంగడి ఉంది, పిల్లలకు పాఠం చెప్పే పంతులున్నాడు, పరంజా ఎక్కి ఇల్లు కట్టే మేస్త్రీలున్నారు, వీధిలో చేతులు పట్టుకుని ఆడేవాళ్లున్నారు. ద్వారంలోంచి గుర్రాల మీద దొరలు డేగను పట్టుకుని వేటకు దిగుతున్నారు. అదే దారిన ఎదురుగా ఒక రైతు పందిని తోలుకొస్తున్నాడు. నల్లటి పంది, భుజాల దగ్గర నడుము పట్టీలాంటి తెల్లచార. ఆ జాతి పందులు సియెనా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. వెనక మూటలెత్తిన గాడిదలు. ఇంకా దిగువన దుక్కి దున్నేవాళ్లు, కోత కోసేవాళ్లు, కర్రలతో కంకులు కొట్టేవాళ్లు, కాలాలన్నీ ఒక్క పొలంలోనే. పైన ఆకాశంలో అభయం అనే రెక్కల దేవత ఎగురుతోంది. ఆమె ఒక చేతిలో చీటీ, రెండో చేతిలో ఉరికొయ్య, దానికి వేలాడుతున్న మనిషి. ఎవరూ భయం లేకుండా దారిన నడవవచ్చు, దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు అని ఆ చీటీ సారాంశం. గింజ విత్తడానికి అభయం కావాలని గది గోడ మీద రాయించుకున్న పాలకులను మెచ్చుకోకుండా ఉండలేను. అయితే ఆ గుర్రాల మీద దిగేవాళ్లకే పొలాలూ ఉన్నాయి. పందిని తోలేవాడు ఆ గదిలో ఎన్నడూ కూర్చోలేదు.

పదేళ్లు తిరక్కుండానే 1348లో ప్లేగు వచ్చింది. లోరెంజెత్తి అందులోనే పోయాడని చెబుతారు. సగానికి పైగా నగరం ఖాళీ అయింది. ఐదుగురు పిల్లలను తన చేతులతోనే పూడ్చుకున్నానని అన్యోలో ది తూరా అనే అతను రాసిపెట్టాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి కట్టాలని మొదలుపెట్టిన గోడ అక్కడే ఆగిపోయింది, ఇప్పటికీ మొండిగోడగా నిలబడి ఉంది. మనుషులు కరవైన ఆ కాలంలో పొలం బీడు పడకుండా ఉండాలంటే కుటుంబాలను తెచ్చి పొలంలోనే దింపాలి. కొండకో ఇల్లు అప్పట్నుంచి మరీ పెరిగింది. 1555లో సియెనా ఓడిపోయి, తరవాత ఫ్లారెన్స్ చేతికి చిక్కింది. పైన ఏలేవాళ్లు మారారు గాని కళ్లంలో చెరిసగం మారలేదు.

సియెనాకు ఆగ్నేయంగా మాంటెపుల్చానో అనే కొండ ఊరుంది. ఎర్ర వైన్‌కు పేరు. భవంతుల కింద తొలిచిన నేలమాళిగల్లో పీపాలు పేర్చి ఉంటాయి. ఆ ఊరు చూసినప్పుడు నాకు వైన్ కంటే ముందు మన దక్షిణాది మధుర గుర్తొచ్చింది. 1606లో మధురకు వచ్చి కాషాయం కట్టి, పాదకోళ్లు తొడిగి, మాంసం మానేసి సన్యాసిలా బతికిన రొబెర్తో దె నోబిలి ఈ ఊరి పెద్దింటి వంశం వాడు. అప్పుడు మధురను ఏలింది మన తెలుగు నాయకరాజులే. ఆయన తమిళం, సంస్కృతంతోపాటు తెలుగూ నేర్చాడు. 1656లో మైలాపూరులో పోయాడు. మధుర నుంచి వచ్చే బస్సులు ఆగే మన సందులో పెరిగిన నేను, ఆయన పూర్వీకుల ఊళ్లో వాన కోసం ఒక చూరు కింద నిలబడి చాలాసేపు ఆయన గురించే ఆలోచించాను. ఆయనకు రోజూ ఏ కొండలు కళ్లలో మెదిలాయో. నాకు మాత్రం ఇక్కడ మన ఊరి పడమటి కొండలు కనబడవు. పొద్దు గుంకేటప్పుడు అలవాటుగా అటు చూస్తాను.

ఇక వైన్ సంగతి. మన ఇళ్లలో మందు అన్న మాటే గడప దాటి లోపలికి రాదు, కాబట్టి కాస్త చెప్పాలి. ఇక్కడ అది భోజనంలో భాగం. పొలం చేసే ఇంట్లో ముసలివాళ్లకు అన్నం ఎంతో అదీ అంతే. సియెనా, ఫ్లారెన్స్ నడుమ కియాంతి సీమకు 1716లోనే మూడో కోసిమో ప్రభువు హద్దులు గీశాడు. ఆ సీసాల మెడ మీద నల్లపుంజు బొమ్మ ఉంటుంది. దానికి ఒక కథ చెబుతారు. రెండు నగరాల మధ్య పొలిమేర తగవు తీర్చుకోవడానికి తొలికోడి కూయగానే రెండు వైపుల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఎక్కడ ఎదురుపడితే అదే హద్దు. సియెనావాళ్లు తెల్లపుంజును మేపి మేపి ఉంచారు. ఫ్లారెన్స్‌వాళ్లు నల్లపుంజును ఆకలితో మాడ్చారు. అది నడిజాముకే కూసింది. వాళ్ల రౌతు సియెనాకు దగ్గర దాకా వచ్చేశాడు. కథే అయినా ఆకలే ముందు లేస్తుందన్న సంగతి పొలం పని చేసినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు తాగే కియాంతికి పాకం కుదిర్చినవాడు బెత్తినో రికాసోలి, బ్రోలియో కోట ఆసామి. ఇటలీ ఒక్కటైన 1861లో కవూర్ తరవాత రెండో ప్రధానమంత్రి అయ్యాడు. సాంజొవేసే ద్రాక్ష ప్రధానంగా ఉండాలని, దానిలో ఏది ఎందుకు కలపాలో 1872లో పీసా ఆచార్యుడొకరికి ఉత్తరంలో వివరంగా రాశాడు. ఆ ఉత్తరంలోని పాకం ఆసామిది. తీగలు కత్తిరించినవాళ్లు, గంపలు మోసినవాళ్లు వారం రైతులు. ఇంకో సంగతి, మనం ఫొటోల్లో చూసే దువ్వినట్టుండే ద్రాక్షతోటల వరసలు పాతకాలానివి కావు. వారం సేద్యం నాటి రోజుల్లో ద్రాక్షతీగను మేపుల్ చెట్ల మీదికి పాకించి, వరసల మధ్య గోధుమలు చల్లి, గట్ల మీద ఆలివ్ పెంచేవాళ్లు. ఇంటికి కావలసినవన్నీ ఒక్క పొలంలోనే పండాలి గదా. వైన్ ఒక్కటే పండే తోటలు ఎక్కువగా 1960ల తరవాత వేసినవే.

ఎందుకంటే అప్పటికి రైతులు వెళ్లిపోయారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సమ్మెలు చేసి 1947లో రైతు వాటాను సగం నుంచి 53 శాతానికి పెంచుకున్నారు. 1964 చట్టం దాన్ని 58కి పెంచి, కొత్తగా మెజ్జాద్రియా ఒప్పందాలు రాసుకోవద్దని ఆపేసింది. మనకు 1956లో మదరాసు ప్రభుత్వం మాగాణికి ఆసామి వాటా 40 శాతం మించకూడదని చట్టం చేసిన రోజులే ఇవీ. చట్టం వచ్చేసరికి కుర్రవాళ్లు పొలంలో లేరు. 1936లో రాజపాళయం మిల్లు పెట్టాక మన పల్లెల పిల్లలు సైరన్‌కు అలవాటుపడ్డట్టే వీళ్లు ప్రాతో నేత మిల్లులకు, పొంతెదెరాలో వెస్పా స్కూటర్లు చేసే ఫ్యాక్టరీకి పోయారు. పెద్దావిడ అన్నలిద్దరూ అలా పోయినవాళ్లే. నెలకొకసారి లెక్కపెట్టి చేతికిచ్చే జీతం, కుళాయి నీళ్లు, పక్కింటి మనుషులు. కొండ మీది ఇళ్లు కప్పులు కూలి పడున్నాయి. తరవాత ఇంగ్లండు, జర్మనీ వాళ్లు వచ్చి కొన్నారు. పల్లెటూరి ఇళ్లలో అతిథులను పెట్టుకోవడానికి 1985లో చట్టం వచ్చింది. ఒకప్పుడు ఎద్దుల్ని కట్టిన కింది గదిలో ఇప్పుడు పర్యాటకులు వైన్ రుచి చూస్తారు.

ఇప్పుడు ద్రాక్ష కోతకు సెప్టెంబరులో వచ్చేవాళ్లలో వలస కూలీలు చాలామంది. మన దేశం వాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా పంజాబీలు రోముకు దక్షిణాన లతీనా పొలాల్లో కూరగాయల పనికి, ఉత్తరాన పాల డెయిరీలకు ఎప్పట్నుంచో వస్తున్నారు. 2024 జూన్‌లో లతీనా దగ్గర యంత్రంలో చేయి తెగిన ఒక పంజాబీ కూలీని ఆస్పత్రికి చేర్చకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజులకు చనిపోయాడు. లతీనాలో ఊరేగింపులు జరిగాయి. ఆ వారం నాకు లోరెంజెత్తి గోడ మీది చీటీ మాటలే పదేపదే గుర్తొచ్చాయి.

మీలో ఎవరైనా ఇటలీ వస్తే ఫ్లారెన్స్ క్యూల్లో ఒక పూట తగ్గించుకుని సియెనాకు రండి, ఆ గోడ ముందు నిలబడండి. తరవాత అరగంట ప్రయాణంలో బుయోన్‌కొన్వెంతోకు వెళ్లండి. కోటగోడల లోపల మెజ్జాద్రియా మ్యూజియం పెట్టారు. కొలపాత్రలు, నాగళ్లు, పడకగది, వంటపొయ్యి, పద్దుల పుస్తకాలు అన్నీ ఉన్నాయి. మన సీమలో అలాంటిది లేదు. మా తాత పేరున్న వారం కాగితం కూడా మా ఇంట్లో మిగల్లేదు. మీ ఇళ్లలో అటకల మీద పాత కౌలు కాగితాలు, కళ్లం లెక్కలు, కుంచాలు ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. మంసాపురంలోనో రాజపాళయంలోనో ఒక గది చూసి అక్కడ చేర్చండి.