వనదుర్గమును గ్రంథములును

దుర్గమనఁగానే రాజులును, సేనలును మన మనస్సునకుఁ దోఁచుట సహజము. కాని యే రాజును నివసింపక, ఆపద్దినములయందు జనులు తలదాఁచుకొనుటకై మాత్రమే కట్టఁబడిన దుర్గములును గలవు. పదవ శతాబ్దమున హంగేరీయ రౌతుల దాడులకు వెఱచి మధ్య ఐరోపా ప్రజలు కొండలపై నిట్టి శరణదుర్గములను నిర్మించుకొనిరి. అం దొకదానిని గూర్చి యిచట ముచ్చటింతుము.

స్విట్జర్లాండునందు సెయింట్ గాలెన్ పట్టణమునకు నుత్తరముగా సిట్టర్ నది లోతైన లోయలో వంపులు తిరుగుచుఁ బాఱును. ఆ నదిపై నున్న యడవికొండకు వాల్డ్‌బుర్గ్ అని పేరు, వనదుర్గమని యర్థము. మన నీతిశాస్త్రకారులు గిరిదుర్గము, వనదుర్గము, జలదుర్గము అని వేర్వేఱుగఁ జెప్పిన గుణములు మూఁడును దీనియందుఁ గూడినవి.

క్రీ. శ. 926లో శత్రువులు వచ్చుచున్నారని విని సెయింట్ గాలెన్ మఠాధిపతి ఎంగిల్బర్టు చెట్లు కొట్టించి, కందకము త్రవ్వించి, యీ కోటను సిద్ధపఱచెను. మఠముచెంత నొక గదిలోఁ దన్నుఁ దాను మూయించుకొని తపస్సు చేయుచుండిన విబొరాడా యను స్త్రీ, మొదట గ్రంథములను దాఁపుమనియు, తక్కినవాని మాట పిదపఁ జూడుమనియు నాతనికి హితవు చెప్పెనఁట. ఆమె మఠగ్రంథములకుఁ జుట్టుబట్టలు సిద్ధము చేసిన చేతులు గలది. గ్రంథములు రైఖెనౌ ద్వీపమునకుఁ బోయెను. సన్న్యాసులు కొండ యెక్కిరి. ఆమె మాత్రము వ్రతము విడిచి కదలనొల్లక, గొడ్డలివ్రేటులకు బలియయ్యెను. 1047లో పోపు ఆమెను బునీతగాఁ బ్రకటించెను.

ఇఱుకుదారిని జూచి శత్రువులు కోటను ముట్టడింప సాహసింపలేదని, నూఱేండ్లకుఁ బైఁబడిన పిదప నీ కథను వ్రాసిన నాలుగవ ఎక్కెహార్టు చెప్పుచున్నాఁడు. ద్వీపమునుండి తిరిగివచ్చిన గ్రంథముల లెక్క సరిపోయెఁ గాని, గ్రంథములు మాత్రము అవియే కావని యాతఁ డొక చమత్కారమును జేర్చెను!

కోట నిష్ప్రయోజనమని మే మనము. అది ప్రాణములను గాచినది. ప్రాణములు లేనిదే గ్రంథములను జదువువా రెవరు? కాని కోట చేసిన పని కొన్నిదినములతోఁ దీఱినది. సెయింట్ గాలెన్ గ్రంథాలయమందో, రెండువేలకుఁ బైఁగా వ్రాఁతప్రతులు నేఁటికిని భద్రముగా నున్నవి. మఠమును, గ్రంథాలయమును 1983లో యునెస్కోవారు ప్రపంచవారసత్వమున జేర్చిరి.

స్త్రీకి గ్రంథములతోఁ బనియేమని యడిగిన దినములు మనలోను గడచినవి. ఆ మాట కీ కథయే యుత్తరము. గోడ యెంత యెత్తు కట్టితి మన్నది యొక ప్రశ్న. గోడలోనికి మొదట దేనిని దెచ్చితి మన్నది మఱియొక ప్రశ్న. ఆ రెండవదానిని వేళకు మున్నే యడిగినది విబొరాడా.