విలియం కాంగ్రీవ్

సర్ విలియం కాంగ్రీవ్ (1772 మే 20 - 1828 మే 16) బ్రిటిషు ఆవిష్కర్త, ఆయుధ నిపుణుడు, పార్లమెంటు సభ్యుడు. ఇతని పేరుతో ప్రసిద్ధి చెందిన కాంగ్రీవ్ రాకెట్టు 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఐరోపా, అమెరికా యుద్ధాలలో వాడబడినది. ఈ రాకెట్టుకు స్ఫూర్తి మైసూరు పాలకులైన హైదర్ అలీ, టిప్పు సుల్తానుల రాకెట్లే కావడం వలన ఇతని చరిత్ర దక్షిణ భారతదేశ చరిత్రతో ముడిపడి ఉన్నది.

బాల్యము, విద్య

ఇతని తండ్రి పేరు కూడా విలియం కాంగ్రీవే. ఆయన సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ హోదా పొంది, లండను సమీపంలోని వూల్విచ్‌లో ఉన్న రాజకీయ ఆయుధ ప్రయోగశాలకు అధిపతిగా పనిచేశాడు. (ఇక్కడ 'రాజకీయ' అనగా రాజుకు చెందిన అని అర్థము.) కుమారుడు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి 1793లో బి.ఏ., 1796లో ఎం.ఏ. పట్టాలు పొందాడు. తరువాత కొంతకాలం ఒక రాజకీయ పత్రికను నడిపాడు. పరువునష్టం వ్యవహారం కారణంగా 1804లో ఆ పత్రికను వదలి, తండ్రి పలుకుబడి గల వూల్విచ్‌లో రాకెట్ల ప్రయోగాలు మొదలుపెట్టాడు.

మైసూరు రాకెట్లు

కడప నవాబుల రాజ్యము 1779 ప్రాంతంలో హైదర్ అలీ వశమైనది. 1792 సంధి వలన నిజాముకు, 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. అంటే నేటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు సుమారు 12 సంవత్సరాలు ఈ రాకెట్లు వాడిన మైసూరు ప్రభుత్వం క్రిందనే ఉన్నాయి. రాయలసీమ విద్యార్థులకు ఈ విషయము ఆసక్తికరము.

అంతకు ముందు రాకెట్టు గొట్టాన్ని సాధారణంగా కాగితపు అట్టతోనో వెదురుతోనో చేసేవారు. మైసూరు పనివారు ఇనుప గొట్టమును వాడారు. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన మందును ఇనుప గొట్టంలో గట్టిగా దట్టించవచ్చును. లోపలి ఒత్తిడి ఎక్కువైనా గొట్టం పగలదు, కాబట్టి వాయువు మరింత వేగంగా వెలువడి రాకెట్టు దూరం పోతుంది. దిశ తప్పకుండా ఉండుటకు పొడవైన వెదురు కర్రను కట్టేవారు.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం వద్ద పొల్లిలూరు యుద్ధంలో కర్నల్ బెయిలీ సేన ఓడిపోవడానికి మందుగుండు బండ్లు పేలిపోవడం ఒక కారణము. రాకెట్ల వలననే అవి పేలాయని పలువురు చరిత్రకారులు వ్రాశారు. 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం సమీపంలోని సుల్తాన్‌పేట తోపులో, తరువాతి కాలంలో వెల్లింగ్టన్ ప్రభువుగా పేరుపొందిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా రాకెట్లు, తుపాకుల ధాటికి వెనుదిరగవలసి వచ్చింది. మే 4న కోట పతనమైన పిమ్మట దొరికిన రాకెట్లలో కొన్ని ఇంగ్లండుకు చేరాయి.

కాంగ్రీవ్ ప్రయోగాలు

కాంగ్రీవ్ మొదట లండను బజారులో దొరికే పెద్ద తారాజువ్వలను సొంత డబ్బుతో కొని పరీక్షించాడు. అవి 500, 600 గజాలకు మించి పోలేదు. భారతదేశపు రాకెట్లు దాదాపు రెట్టింపు దూరం పోతాయని తనకు తెలుసునని ఇతడే 1807 నాటి రచనలో పేర్కొన్నాడు. ఇనుప గొట్టము, మెరుగైన మందు, యంత్రాలతో దట్టించుట అనే మార్పులతో 1805 నాటికి 2,000 గజాలు సాధించాడు. తరువాత 32 పౌన్ల రాకెట్టు సుమారు 3,000 గజాలు పోగలిగింది.

కనుక రాకెట్టును కనుగొన్నది కాంగ్రీవ్ అనుట సరికాదు. మైసూరు రాకెట్టును అతడు ఉన్నదున్నట్లు నకలు చేశాడనుట కూడా సరికాదు. కొలతలు, ఉత్పత్తి పద్ధతి, వాడుక విధానము అతని కృషి. మూలభావము ఇక్కడిది. 1803లో డబ్లిన్ తిరుగుబాటులో రాబర్ట్ ఎమ్మెట్ అనుచరులు చేసిన రాకెట్ల ప్రభావం కూడా ఉన్నదని కొందరి వాదన.

యుద్ధాలలో

రాకెట్టుకు ఫిరంగి వలె వెనుకకు తన్ను ఉండదు. అందుచేత చిన్న పడవ నుండి కూడా ప్రయోగించవచ్చును. 1805లో ఫ్రాన్సులోని బులోన్ రేవుపై చేసిన ప్రయత్నం ప్రతికూల వాతావరణం వలన విఫలమైనది; 1806 అక్టోబరు 8న జరిపిన దాడిలో పట్టణంలో మంటలు లేచాయి. 1807లో కోపెన్‌హాగన్‌పై జరిగిన బాంబు దాడిలోనూ వీటిని వాడారు. ఆ మంటలలో సాధారణ పౌరులు పెద్ద సంఖ్యలో మరణించారు. ఈ ఆయుధపు చరిత్రలో మరువరాని అంశమిది. 1813లో లైప్‌జిగ్ యుద్ధంలో కెప్టెన్ బోగ్ నాయకత్వాన రాకెట్టు దళం పాల్గొన్నది. బోగ్ అక్కడే మరణించాడు. 1814లో బాల్టిమోరు వద్ద మెక్‌హెన్రీ కోటపై ప్రయోగించిన రాకెట్ల ఎర్రని వెలుగు అమెరికా జాతీయగీతంలో ప్రస్తావించబడినది.

గురి తప్పడం వీటి ప్రధాన లోపము. ప్రక్కన కట్టిన కర్ర వలన రాకెట్టు వంకరగా పోయేది. 1815లో కాంగ్రీవ్ కర్రను అడుగున మధ్యలో బిగించి, చుట్టూ వాయు రంధ్రాలు ఏర్పరచి కొంత సరిదిద్దాడు. కర్ర అవసరమే లేకుండా, రాకెట్టు తనచుట్టూ తాను తిరిగే విధానానికి 1844లో విలియం హేల్ పేటెంటు పొందాడు. దానితో కాంగ్రీవ్ రాకెట్లు క్రమంగా మూలబడ్డాయి.

ఇతర విషయాలు

1811లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1812లో గాటన్ నుండి, 1818 నుండి మరణించేవరకు ప్లిమత్ నుండి పార్లమెంటు సభ్యుడు. 1814లో తండ్రి మరణానంతరం బారోనెట్ బిరుదు, ప్రయోగశాల అధిపతి పదవి లభించాయి. దొర్లే గోళీతో నడిచే గడియారానికి 1808లో పేటెంటు తీసుకున్నాడు. అది చూడముచ్చటైనదే కాని సమయం సరిగా చూపదు. దొంగనోట్లను అరికట్టుటకు రంగుల ముద్రణ పద్ధతిని కూడా రూపొందించాడు.

చివరి దశ

ఐర్లండులోని అరిగ్నా ఇనుము, బొగ్గు కంపెనీ వ్యవహారంలో ఇతనిపై మోసం అభియోగం వచ్చింది. 1826లో పార్లమెంటు విచారణ జరుగగా, అనారోగ్యంతో ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. 1828 మే 16న తులూజ్ నగరంలో తన 55వ ఏట మరణించాడు. అతని మరణానికి కొద్దిముందే న్యాయస్థానం ఆ లావాదేవీని మోసపూరితమైనదని తేల్చింది.

2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాత బావి పూడిక తీస్తుండగా వెయ్యికి పైగా మైసూరు రాకెట్లు బయటపడినవి. వాటి ఇనుప గొట్టాలలో మందు ఇంకా మిగిలి ఉన్నది.